మందు మీద పట్టా ఎవరిది?

జుక్కల్ బస్టాండులో పొద్దున పూట కాసేపు నిలబడితే చాలు, మన వాడల ఆరోగ్యం ఎట్లున్నదో తెలిసిపోతుంది. ఒకాయన దెగ్లూరు పోయే బండి కోసం చూస్తుంటాడు. ఒకామె బీదరుకు. ఇంకొకరు బాన్సువాడకో, నిజామాబాదుకో. చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఎక్స్‌రే, మడతలు పడ్డ చీటీలు. మూడు రాష్ట్రాలు కలిసే మూలన వున్నోళ్లం గనుక మూడు రాష్ట్రాల దవాఖానలూ మనకు తెలుసు. తెలుగులోనూ, మరాఠీలోనూ, కన్నడంలోనూ మనం విన్నది ఒకటే మాట: "ఈ మందు ఇక్కడ లేదు, బయట కొనుక్కోండి."

ఆ బయట కొనే మందు కోసం మేకలమ్మినోళ్లు వున్నరు. పుస్తెలు కుదువ పెట్టినోళ్లు వున్నరు. సర్కారిచ్చిన ఎకరం భూమికి తెల్లకాయితం రాసిచ్చి మళ్లీ దొర చేతికే అప్పజెప్పినోళ్లు వున్నరు. మన సంఘం మీటింగుల్లో భూమి గురించి మాట్లాడతం, కూలి గురించి మాట్లాడతం, రిజర్వేషన్లు, అట్రాసిటీ కేసులు, శ్మశానం జాగ, అన్నీ మాట్లాడతం. మందు ధర గురించి మాత్రం మాట్లాడం. రోగం దేవుడిచ్చిండు, ధర షాపోడు చెప్పిండు అనుకొని ఇంటికి పోతం.

ధర దేవుడు పెట్టలేదు. చాలాసార్లు షాపోడు కూడా పెట్టలేదు. దాని వెనుక చట్టం వుంది, వ్యాపారం వుంది, ఢిల్లీలోనూ జెనీవాలోనూ పెట్టిన సంతకాలున్నాయి. వాటిని మన వాడ భాషలో విప్పి చెప్పుకోవడం కోసమే ఈ నాలుగు మాటలు.

పేటెంటు అంటే పట్టా

పేటెంటు అనే మాట వినంగనే ఇది చదువుకున్నోళ్ల సంగతి అని పక్కకు జరగొద్దు. అది మనకు తెలిసిన సంగతే. పేటెంటు అంటే మందు మీద పట్టా. భూమి మీద పట్టా వున్నోడు ఇంకొకణ్ణి దున్ననియ్యడు గదా, అట్లనే మందు మీద పేటెంటు వున్న కంపెనీ 20 ఏండ్ల దాకా ఇంకో కంపెనీని ఆ మందు చెయ్యనియ్యదు. పోటీ లేదు గనుక ఎంత చెబితే అంత ధర. కొనగలిగినోడు బతుకుతడు. కొనలేనోడు పోతడు.

మన దేశంలో తెల్లదొరల కాలం నాటి 1911 పేటెంటు చట్టం స్వాతంత్ర్యం వచ్చినంక కూడా చాలా ఏండ్లు నడిచింది. అప్పుడు మందుల ధరలు ఎట్లుండేవంటే, అమెరికాలో సెనేటర్ కెఫావర్ నడిపిన విచారణే భారతదేశంలో మందుల ధరలు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ వున్నచోట్ల ఒకటని రాసింది. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ కమిటీ, ఈ పేటెంట్లు ఎక్కువగా విదేశీ కంపెనీల చేతిలోనే వున్నాయని, వాటితో దేశానికి ఒరిగింది లేదని తేల్చి చెప్పింది. 1970లో కొత్త చట్టం వచ్చింది, 1972లో అమలైంది. ఇక మందు మీద పట్టా లేదు. మందు చేసే పద్ధతి మీద మాత్రమే, అదీ ఏడేండ్లకు మించకుండా. వేరే పద్ధతిలో అదే మందు ఎవరైనా చేసుకోవచ్చు.

దీనికి తోడు సర్కారు సొంతంగా మందుల ఫ్యాక్టరీలు పెట్టింది. రష్యా సాయంతో హైదరాబాదు బాలానగర్‌లో పెట్టిన ఐడీపీఎల్ 1967లో మందులు చెయ్యడం మొదలు పెట్టింది. ఇవాళ హైదరాబాదును మందుల రాజధాని అంటున్నరు. ఆ రాజధానికి పునాది ఆ సర్కారు ఫ్యాక్టరీ. అందులో పని నేర్చుకొని బయటికొచ్చినోళ్లే సొంత కంపెనీలు పెట్టుకున్నరు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినాయనే.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. దాంట్లో చేరిన దేశాలన్నీ మందుల మీద 20 ఏండ్ల పట్టా ఒప్పుకోవాలె అన్నరు. మనకు పదేండ్లు గడువిచ్చిన్రు. 2005 జనవరి 1 నుంచి మన చట్టం మారింది. పోయిన పట్టా మళ్లీ వచ్చింది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు జుక్కల్ల గాదు గదా, ఏ ఊరి గ్రామసభలోనూ ఒక్క ముక్క చెప్పలేదు.

935 రోజుల కూలి

ఈ పట్టా ధర ఎంత? నెక్సవార్ అనే క్యాన్సర్ మందు వుంది. కాలేయానికి, మూత్రపిండానికి వచ్చే క్యాన్సర్‌కు ఇస్తరు. దాని మీద పట్టా జర్మనీ కంపెనీ బేయర్‌కు వుండేది. అప్పుడు నెలకు సరిపడా మందుకు ధర 2,80,428 రూపాయలు వుండేది. రోజుకు 300 కూలి అనుకుందాం. 935 రోజుల కూలి, ఒక్క నెల మందుకు. రెండున్నరేండ్ల పైన ఉపాసముండి పనిచేస్తే ఒక నెల బతుకు.

హైదరాబాదు కంపెనీ నాట్కో దీన్ని చెయ్యడానికి లైసెన్సు అడిగింది. 2012 మార్చి 9న పేటెంట్ల అధికారి ఇచ్చిండు. మందు జనానికి అందుతలేదు, ధర అందుబాటులో లేదు, ఈ దేశంలో తయారు చేస్తలేరు, ఈ మూడూ కారణాలు. నాట్కో ధర నెలకు 8,880. పట్టా వున్న కంపెనీకి అమ్మకంలో ఆరు శాతం వాటా ఇయ్యాలన్నరు, తర్వాత దాన్ని ఏడు చేసిన్రు. కంపెనీ సుప్రీంకోర్టు దాకా పోయింది, 2014లో అక్కడా ఓడింది. నాట్కోకు 8,880కు అమ్మినా గిట్టుబాటు వుండబట్టే గదా చేసింది? మరి మిగతా 2,71,000 దేని ధర? పట్టా ధర.

ఆ కంపెనీ పెద్ద అధికారి 2013లో ఒక సభలో మాట్లాడుతూ, ఈ మందు భారతీయుల కోసం చెయ్యలేదు, కొనగలిగిన పడమటి దేశాల రోగుల కోసం చేసినం అన్నడు. తర్వాత ఆ మాటకు విచారపడ్డడనుకోండి. కానీ నోరుజారి చెప్పింది నిజం. ఆ మాట యాదికుంచుకోండి, ముందు పనికొస్తది.

2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇంకో తీర్పిచ్చింది. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్‌కు నోవార్టిస్ కంపెనీ నెలకు లక్షా 20 వేల దాకా తీసుకుంటుంటే, మన కంపెనీలు పది వేల లోపే ఇస్తున్నయి. పాత మందుకు కొంచెం రూపం మార్చి కొత్త పట్టా అడిగితే ఇయ్యం అని కోర్టు చెప్పింది. మన చట్టంలోని సెక్షన్ 3(డి) అదే చెబుతుంది. పాత ఇంటికి సున్నమేసి కొత్త ఇల్లంటే ఒప్పుకోం అని. 2025 అక్టోబరులో కూడా చిన్నపిల్లల కండరాలు చచ్చుబడే జబ్బుకిచ్చే రిస్డిప్లామ్ మందు విషయంలో కోర్టులు నాట్కోను ఆపడానికి ఒప్పుకోలేదు. రోష్ కంపెనీ సీసా దాదాపు ఆరు లక్షలు. నాట్కో సీసా 15,900.

అంటే చట్టంలో దారి వుంది. నడిచేటోడు లేడు. 2012 నుంచి ఇప్పటిదాకా ఈ దేశంలో ఇచ్చిన తప్పనిసరి లైసెన్సు అదొక్కటే. ఇంత పెద్ద దేశంలో ఇన్ని రోగాలుంటే ఒక్కటే!

"పట్టా లేకపోతే పరిశోధన ఎవడు చేస్తడు?"

కంపెనీలు అడిగే ప్రశ్న ఇది. చదువుకున్న మన పిల్లలు కూడా కొందరు ఇదే అడుగుతరు. మంచి ప్రశ్నే. కొత్త మందు కనుక్కోవడానికి ఖర్చవుతుంది, పది మందులు మొదలుపెడితే తొమ్మిది మధ్యలోనే పోతయి, లాభమాశ లేకపోతే ఎవరు దిగుతరు అంటరు. ఒప్పుకుందాం. మరి ఆ లాభమాశ మన రోగాలకు ఏం మందు తెచ్చిందో లెక్క చూద్దాం.

పాము కాటు చూడండి. పత్తి ఏరేటప్పుడు, సోయ కోసేటప్పుడు, రాత్రి నీళ్లు కట్టేటప్పుడు పాము కరిచేది ఎవర్ని? పట్టాదారునా, కూలోణ్ణా? మన దేశంలో ఏటా యాభై వేల మందికి పైగా పాము కాటుకు చనిపోతున్నరని పరిశోధకులు లెక్కగట్టిన్రు. దానికి మందు 1890లలో ఫ్రాన్సులో కనిపెట్టిన పద్ధతే. గుర్రానికి విషం ఎక్కించి దాని రక్తం నుంచి తీస్తరు. నూటా ముప్పై ఏండ్లయింది, ఇవాళ్టికీ గుర్రమే. నాలుగు రకాల పాములకే పనిచేస్తది. దాని మీద పట్టా లేదు, అడ్డమేమీ లేదు. అయినా కంపెనీలు కొత్తది ఎందుకు వెతకలేదు? కరిపించుకునేటోడి జేబులో పైసలు లేవు గనుక. ఇంకో ముచ్చట. ఆ మందుకు కావాల్సిన విషం ఎక్కువగా తీసిచ్చేది తమిళనాడులోని ఇరుల గిరిజనులు. 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నరు. పామును పట్టే విద్య తరతరాల నుంచి వాళ్లది. ఆ విద్యకు పట్టా ఎవరూ ఇయ్యలేదు.

టీబీ చూడండి. పొగ గుడిసెలు, ఇటుక బట్టీలు, బీడీలు, సగం కడుపు, వీటికి పుట్టిన బిడ్డ టీబీ. రిఫాంపిసిన్ 1960లలో వచ్చింది. ఆ తర్వాత పూర్తిగా కొత్త రకం టీబీ మందు రావడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. అది బెడాక్విలిన్. దాన్ని నిలబెట్టిన ప్రయోగాల్లో ఎక్కువ ఖర్చు కంపెనీది గాదు, ప్రభుత్వాలది, దాతలది. పట్టా మాత్రం జాన్సన్ అండ్ జాన్సన్‌ది. మందు వచ్చినా మన దేశంలో మొదట్లో కొన్ని దవాఖానల్లోనే, కొద్దిమందికే. పాట్నా నుంచి వచ్చిన 18 ఏండ్ల అమ్మాయికి ఢిల్లీలో నువ్వు ఈ ఊరిదానివి కాదని మందు ఇయ్యలేదు. తండ్రి హైకోర్టుకు పోతే గానీ రాలేదు. పట్టా గడువు ఇంకో నాలుగేండ్లు పొడిగించుకోవాలని కంపెనీ చూస్తే, టీబీ నుంచి బతికిన ఇద్దరు ఆడబిడ్డలు, ముంబైకి చెందిన నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే, అడ్డం పడ్డరు. ఆ జబ్బు మందుల వల్లనే ఇద్దరూ వినికిడి పోగొట్టుకున్నోళ్లు. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తు కొట్టేసింది. జూలైలో మొదటి పట్టా గడువు అయిపోయింది. అదే ఏడు ప్రపంచ మార్కెట్‌లో ఆ మందు ధర సగానికి పడిపోయింది.

బోదకాలు చూడండి. ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ గోలీని 1940లలో అమెరికాలో కనిపెట్టించింది మన తెలుగాయనే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు మన దగ్గర వందల ఏండ్ల నుంచి వుంది. మందు మీద కంపెనీకి ధ్యాస ఎప్పుడొచ్చింది? పసిఫిక్ దీవుల్లో యుద్ధానికి పోయిన అమెరికా సిపాయిలకు అంటుకున్నంక!

ఇప్పుడు ఆ బేయర్ అధికారి మాట యాదికి తెచ్చుకోండి. కొనగలిగినోడి కోసమే పరిశోధన. మార్కెట్టు వున్న రోగానికే మందు. పేటెంటు మన రోగానికి మందు పుట్టించదు. పుట్టిన మందును మనదాకా రానియ్యదు. రెండు దిక్కులా మనమే బయట. ఊరికి దూరంగా వాడ పెట్టినోళ్లే మార్కెట్టుకు దూరంగా మన రోగాల్ని కూడా పెట్టిన్రు.

మనం కట్టని బాకీ వుందా?

అసలు పరిశోధన ఖర్చు మనం పెట్టలేదని ఎవడన్నడు? మేమంటం, మూడుసార్లు కట్టినం.

ఒకటి, పన్నులతో కట్టినం. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా పన్ను కట్టే జనం మనం. ఆ పైసలతో నడిచిన హైదరాబాదు సర్కారు పరిశోధనశాల ఐఐసీటీ 1990ల మొదట్లో ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని తక్కువ ఖర్చుతో చేసే పద్ధతి తీసి సిప్లా కంపెనీకి ఇచ్చింది. 2001లో అదే సిప్లా, ఏడాదికి పది వేల డాలర్లు దాటే మూడు ఎయిడ్స్ మందుల్ని 350 డాలర్లకు ఇస్తానని ప్రపంచానికి చెప్పింది. ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలబెట్టిన ఆ దారిలో మన పన్ను పైసల రాయి కూడా ఒకటి వుంది.

రెండు, ఒంటితో కట్టినం. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసి పరీక్షించిన్రు. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు. తల్లిదండ్రుల సంతకం వుండాల్సిన చోట వార్డెన్ల సంతకాలు! 2010 ఏప్రిల్‌లో ఆపిన్రు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. మేం టీకాకు వ్యతిరేకం గాదు, మంచి టీకా మన పిల్లలకు రావాల్సిందే. కానీ అడగకుండా ఒంటి మీద చెయ్యి వేసే హక్కు ఎవరిచ్చిన్రు? కార్పొరేట్ బడి పిల్లలకు ప్రిన్సిపాల్ సంతకంతో సూది వేస్తరా? 2011లో పిడుగురాళ్ల నుంచి పేద ఆడోళ్లను కొద్దిపాటి పైసలకు హైదరాబాదు తీసుకపోయి క్యాన్సర్ మందులు మింగించి చూసిన సంగతి కూడా బయటపడింది.

మూడు, నీళ్లతో కట్టినం. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల కడుగునీళ్లు ఏండ్లకేండ్లు నక్కవాగులో కలిసినయి. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఒక్కటే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నట్టు రాసి ప్రపంచాన్ని ఉలిక్కిపడేట్టు చేసిన్రు. నక్కవాగు పోయి కలిసేది ఎక్కడ? మంజీరలో. మంజీర వచ్చేది ఎక్కడికి? నిజాంసాగర్‌కు. అక్కడి నుంచి బిచ్కుంద, మద్నూరు దిక్కు మన ఇసుక మేటల పక్కనుంచే కందకుర్తికి పోయి గోదావరిలో కలుస్తది. మందేమో ఓడెక్కి అమెరికాకు. కడుగునీళ్లేమో వాగు దిగి మన దిక్కు. ఇదీ పంపకం!

ఏకలవ్యుడు సొంతంగా విద్య నేర్చుకున్నడు. ద్రోణుడు ఒక్క పాఠం చెప్పలేదు, గురుదక్షిణ మాత్రం బొటనవేలు అడిగిండు. ఖర్చు మనతో పెట్టించి, ప్రయోగం మన మీద చేసి, ఆఖరుకు పట్టా చూపించి పైసలడిగే ఈ పద్ధతికి ఇంతకంటే పోలిక దొరకదు.

దేశీ దొర మంచోడా?

ఇక్కడ ఒక జాగ్రత్త. విదేశీ కంపెనీ చెడ్డది, దేశీ కంపెనీ మనది అనే పాటకు మనం తాళం వేయొద్దు. నాట్కో, సిప్లా చేసిన మేలు మేలే. కానీ పటాన్‌చెరు వాగును పాడు చేసింది బేయర్ గాదు గదా! 1970 చట్టం ఇచ్చిన నీడలో పెరిగిన దేశీ కంపెనీలు కూడా పాము కాటుకు, టీబీకి పరిశోధన చెయ్యలేదు. అమెరికా మార్కెట్టు దిక్కే చూసినయి.

ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం. మన ఊరి షాపులో కొనే జ్వరం గోలీకి, షుగరు గోలీకి, బీపీ గోలీకి పేటెంటు ఎప్పుడో పోయింది. అక్కడ మనల్ని ముంచేది పట్టా గాదు, బ్రాండు. ఒకే మందు, పేరు మారితే ధర మారుతది. ధరల అదుపు కూడా సడలించుకుంటూ వచ్చిన్రు. 1979లో 347 మందులు అదుపులో వుంటే, 1987లో 142, 1995 వచ్చేసరికి 74. 2013లో మళ్లీ లిస్టు పెంచిన్రు గానీ లెక్క మార్చిన్రు. తయారీ ఖర్చును బట్టి గాదు, బజారులో నడిచే ధరల సగటును బట్టి. దొంగల సగటు తీస్తే దొర వస్తడా? 2023 ఏప్రిల్‌లో ఆ లిస్టు మందుల ధరలు కూడా 12 శాతం పెంచుకోనిచ్చిన్రు. ఆ ఏడు కూలి 12 శాతం పెరిగిందా, ఎవరన్నా చెప్పండి.

ఇక ఐడీపీఎల్? 1992లో ఖాయిలా పడ్డదని ప్రకటించిన్రు. 2016 డిసెంబరులో మూసెయ్యాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానం చేసింది. అందరికీ విద్య నేర్పిన తల్లి ఆకలికి చచ్చింది, పిల్లలు కోటీశ్వరులైన్రు.

గడప మూసుకుంటున్నది

వున్న కొద్దిపాటి దారులు కూడా ఇప్పుడు మూసుకుంటున్నయి. పట్టా ఇయ్యకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కు మన చట్టంలో వుంది. ఆ హక్కు వాడుకునే ఆ ఇద్దరు ఆడబిడ్డలు గెలిచిన్రు. 2024 మార్చిలో నిబంధనలు మార్చి దానికి ఫీజు పెట్టిన్రు, అభ్యంతరం వినాలా వద్దా అని ముందే తేల్చే అధికారం ఆఫీసరుకిచ్చిన్రు. 2025 జూలై 24న ఇంగ్లాండుతో చేసుకున్న వ్యాపార ఒప్పందంలో, కంపెనీ తన ఇష్టంతో ఇచ్చే లైసెన్సే మేలైన దారి అని రాసుకున్నరు. దొర ఇష్టంతో భూమి పంచుతడని కూర్చుంటే మనకు ఎకరమన్నా వచ్చేదా?

అందుకని మేమడిగేది ఇది. ప్రజల సొమ్ముతో పుట్టిన మందు మీద ఒక్కడికే పట్టా వుండొద్దు. మన రోగాల పరిశోధన ఖర్చు సర్కారు నేరుగా పెట్టాలె, దాన్ని మందు ధరలో కలపొద్దు. పేటెంటు చట్టంలో సెక్షన్ 92, సెక్షన్ 100 సర్కారు చేతిలోనే వున్నయి, ప్రాణం పోసే మందుల కోసం వాటిని వాడాలె. సర్కారు మందుల ఫ్యాక్టరీలు మళ్లీ తెరవాలె. హాస్టల్ పిల్లల మీద, కూలి ఆడోళ్ల మీద వాళ్ల భాషలో చెప్పి ఒప్పించకుండా ఏ ప్రయోగమూ జరగొద్దు.

ఢిల్లీ దూరమంటరా? దగ్గరి పనులు కూడా వున్నయి. మీ ప్రైమరీ హెల్త్ సెంటర్ గోడ మీద ఏ మందు ఎంత వున్నదో బోర్డు రాయమని అడగండి. పాము కాటు సూది వుందో లేదో వానాకాలానికి ముందే పోయి చూడండి. చీటీ మీద బ్రాండు గాదు, మందు అసలు పేరు రాయమని డాక్టరును అడగండి. బిల్లు లేకుండా మందు కొనకండి. లేదన్న మందు పేరు, తారీఖు ఒక నోటుబుక్కులో రాసి సంఘానికియ్యండి. ఆ నోటుబుక్కే రేపు మన సాక్ష్యం.

జుక్కల్ ఎస్సీ రిజర్వుడు సీటు. బాబాసాహెబ్ కొట్లాడి తెచ్చిన సీటు. ఆయన కూడా చివరి ఏండ్లలో షుగరు జబ్బుతో నరకం చూసినాయనే. ఆ జబ్బుకు మందైన ఇన్సులిన్ పట్టాను దాన్ని కనిపెట్టినోళ్లు 1923లో తలా ఒక డాలరుకు యూనివర్సిటీకి ఇచ్చేసిన్రు. అట్లాంటి మనుషులూ వుండిన్రు ఈ లోకంలో. ఓటడగొచ్చే ప్రతి ఒక్కణ్ణీ, ఏ పార్టీ వాడైనా సరే, ఈసారి రోడ్డుతో పాటు ఈ ప్రశ్న కూడా అడగండి:

భూమి దున్నింది మనం, పట్టా దొరది. మందుకు పన్ను కట్టింది మనం, ఒళ్లిచ్చింది మనం, విషం తాగింది మనం. పట్టా ఎవరిది?

జై భీమ్!